ఏజెంటు చేతి మీదుగా అందిన పింఛను

గత సంచికలో కెనడా మూలవాసుల స్వపరిపాలనపై ఆ దేశ పార్లమెంటు జరిపిన అధ్యయనం (పెన్నర్ నివేదిక) గురించీ, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోరాడి వచ్చిన మూలవాసీ సైనికులతో ప్రభుత్వం వ్యవహరించిన తీరు గురించీ ఒకే వ్యాసంలో రాశాము. దానిపై వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వాటిని కలిపి ఒక ప్రశ్నగా మార్చాము.

ప్రశ్న: స్వపరిపాలన రాజ్యాంగానికి సంబంధించిన విషయం. మాజీ సైనికులకు పింఛను, భూమి ఇవ్వడం ఒక ప్రభుత్వ శాఖ చూసుకోవలసిన పని. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం సబబేనా?

జవాబు: సబబేనని మా అభిప్రాయం. పార్లమెంటు సంఘాలు ఈ రెండు విషయాలనూ చాలావరకు వేర్వేరుగానే విచారించిన మాట నిజం. కానీ యుద్ధం నుంచి తన రిజర్వుకు, అంటే తన వారి కోసం ప్రభుత్వం కేటాయించిన ప్రాంతానికి, తిరిగి వచ్చిన సైనికుడికి ఈ రెండూ ఒకే మనిషి రూపంలో ఎదురయ్యేవి. ఆ మనిషి ఇండియన్ ఏజెంటు, అంటే రిజర్వు మీద అజమాయిషీకి ప్రభుత్వం పెట్టిన అధికారి.

1876లో చేసిన ఇండియన్ చట్టం, అప్పట్లో ఇండియన్లు అని పిలిచిన ఫస్ట్ నేషన్స్ మూలవాసులను ప్రభుత్వ సంరక్షణలో ఉండవలసిన మైనర్లుగా పరిగణించింది. రిజర్వు భూమి వారు వాడుకోవడానికే కేటాయించినదైనా దాని మీద యాజమాన్యం రాజ్యానిదే. వారు ఎన్నుకున్న మండలి ఏదైనా తీర్మానం చేస్తే దానిని రాజధాని ఒట్టావాలోని ఇండియన్ వ్యవహారాల శాఖ ఆమోదించాలి. ఆ ఆమోదం కోసం వెళ్ళే కాగితం ముందు ఏజెంటు బల్ల దాటాలి. ప్రెయిరీ రాష్ట్రాల్లో రైతు తాను పండించిన ధాన్యాన్ని బయట అమ్ముకోవాలన్నా ఆయన ఇచ్చే అనుమతి చీటీ తప్పనిసరి. ఇటువంటి చోటికి యుద్ధ పింఛను వచ్చినా, భూమి కోసం ఇచ్చే గ్రాంటు వచ్చినా అది కూడా ఆ బల్ల మీదుగానే రావడంలో ఆశ్చర్యం లేదు.

ఒక మనిషిని దగ్గరగా చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఒంటారియోలోని ప్యారీ ఐలాండ్‌కు చెందిన ఒజిబ్వే సైనికుడు ఫ్రాన్సిస్ పెగహ్‌మగబో 1914లో యుద్ధం మొదలైన వెంటనే సైన్యంలో చేరి, ఫ్రాన్స్, బెల్జియంలలో చివరిదాకా పోరాడారు. ఆయనకు మిలిటరీ మెడల్, ఆపైన అదే పతకానికి మరో రెండుసార్లు అదనపు పట్టీ లభించాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న లక్షలాది కెనడా సైనికుల్లో ఆ గౌరవం దక్కినవారు నలభై మందికి మించరు. ఆయన ఇంటికి వచ్చాక 1921లో తన వారికి చీఫ్‌గా ఎన్నికయ్యారు. అదే మనిషి పింఛను మాత్రం ఏజెంటు అజమాయిషీలో ఉండేది. 1930లలో శాఖ మరొక మెలిక పెట్టింది. చీఫ్‌లు ఒట్టావాకు రాసే ఉత్తరాలు ఏజెంటు ద్వారానే రావాలని ఆదేశించింది. అంటే ఏజెంటు మీద ఫిర్యాదు చేయాలనుకున్నవాడు ఆ ఫిర్యాదును ఏజెంటు చేతికే ఇవ్వాలి. పెగహ్‌మగబో జీవితంలోని రెండో సగమంతా ఈ గోడతో తలపడటంలోనే గడిచింది.

ఇంకొకరు ఫ్రెడరిక్ లాఫ్ట్. ఈయన ఆరు మూలవాసీ జాతుల సమాఖ్య అయిన సిక్స్ నేషన్స్‌లోని మోహాక్ జాతివాడు, యుద్ధంలో లెఫ్టినెంటుగా పనిచేశారు. 1918 డిసెంబరులో, అంటే యుద్ధం ఆగిన నెల రోజులకే, లీగ్ ఆఫ్ ఇండియన్స్ ఆఫ్ కెనడా అనే సంస్థను స్థాపించారు. అంతకుముందు ఫస్ట్ నేషన్స్‌లో ప్రాంతాలవారీగా సంఘాలు ఉన్నాయి కానీ దేశమంతటినీ కలపాలన్న ప్రయత్నం ఇదే మొదటిది. ఇండియన్ వ్యవహారాల శాఖ ఉన్నతాధికారి డంకన్ క్యాంప్‌బెల్ స్కాట్‌కు ఇది ససేమిరా గిట్టలేదు. వ్యక్తి ఒప్పుకోకపోయినా అతని ఇండియన్ హోదాను రద్దు చేసి సాధారణ పౌరుడిగా మార్చే అధికారాన్ని శాఖకు కట్టబెడుతూ 1920లో చట్టాన్ని సవరించారు. ఆ అస్త్రాన్ని లాఫ్ట్ మీద ప్రయోగిస్తామని బెదిరించారు. హోదా పోతే ఆయన ఇక తన వారికి ప్రతినిధి కాలేరన్నది లెక్క. 1927లో మరో అడుగు వేసి, భూమి హక్కుల కోసం వకీలును పెట్టుకోవడానికి శాఖ అనుమతి లేకుండా చందాలు పోగుచేయడమే నేరమని చట్టంలో రాశారు. ఆ నిబంధన 1951 దాకా అమలులో ఉంది.

కాబట్టి ఈ రెండు విషయాలనూ కలిపింది మేము కాదు. స్వపరిపాలన కోసం మొదట గొంతెత్తిన వారిలో మాజీ సైనికులు ఉన్నారు; వారిని కట్టడి చేయడానికి వాడిన పనిముట్లు కూడా స్వపరిపాలనను అణచడానికి వాడినవే.

ప్రశ్న: మీ వ్యాసంలో ఒకచోట ఇండియన్ అని, ఇంకోచోట ఫస్ట్ నేషన్స్ అని, మరోచోట మూలవాసులు అని ఉంది. చదువుతుంటే తికమకగా ఉంది.

జవాబు: తప్పు కొంత మాది, కొంత కొలంబస్‌ది. చట్టం పేరులో ఇండియన్ అనే మాట ఇప్పటికీ ఉంది కనుక చట్టాన్ని ప్రస్తావించినప్పుడు దానిని అలాగే ఉంచక తప్పదు. 1982 రాజ్యాంగ చట్టంలోని 35వ సెక్షన్ కెనడా మూలవాసులను ఇండియన్లు, ఇన్యుయిట్, మేటీ అని మూడు ప్రజలుగా గుర్తించింది. వీరిలో మొదటివారిని నేడు ఫస్ట్ నేషన్స్ అంటున్నారు. మేటీలు ఫస్ట్ నేషన్స్ స్త్రీలకూ ఐరోపా నుంచి వచ్చిన బొచ్చు వర్తకులకూ పుట్టిన సంతతి నుంచి వేరొక జాతిగా ఎదిగినవారు. ఇన్యుయిట్ ఉత్తర ధ్రువ ప్రాంతపు ప్రజలు. ఇండియన్ చట్టం మొదటివారికే వర్తిస్తుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి, ఎందుకంటే నష్టపరిహారం ప్రస్తావన వచ్చినప్పుడు మేటీ సైనికులు ఎందుకు వెనుకబడిపోయారో దీనివల్లనే తెలుస్తుంది.

ప్రశ్న: మాజీ సైనికుల భూమి చట్టం కింద అందరికీ ఒకే గ్రాంటు అందిందని, పైగా రిజర్వులోని వారికి అప్పు భారం కూడా లేదని ప్రభుత్వం వాదించినట్టు మీరే రాశారు. అలాంటప్పుడు అన్యాయం ఎక్కడ జరిగింది?

జవాబు: చాలా మంచి ప్రశ్న. ప్రభుత్వం వాదన కాగితం మీద తప్పు కాదు. అందుకే దానిని ఓపికగా విప్పి చూడాలి.

ఈ చట్టం 1942లో వచ్చింది. దీని కింద సాధారణ మాజీ సైనికుడు భూమి, ఇల్లు, పశువులు, పనిముట్ల కోసం 6,000 డాలర్ల వరకు ప్రభుత్వ సహాయం పొందవచ్చు. పదేళ్ళపాటు షరతుల ప్రకారం సేద్యం చేస్తే అందులో 2,320 డాలర్లు మాఫీ అవుతాయి. మిగిలిన 3,680 డాలర్లను తక్కువ వడ్డీతో, దీర్ఘకాలం మీద, చిన్న వాయిదాల్లో తీర్చుకోవచ్చు. రిజర్వులో స్థిరపడదలచిన ఫస్ట్ నేషన్స్ సైనికుడికి మాత్రం 35ఎ అనే ప్రత్యేక సెక్షన్ పెట్టారు. దాని ప్రకారం అతనికి అప్పు లేదు, 2,320 డాలర్ల వరకు గ్రాంటు మాత్రమే ఉంది. ఇద్దరికీ ఉచితంగా దక్కేది 2,320 డాలర్లే కదా అన్నది ప్రభుత్వం చూపిన లెక్క.

ఈ లెక్కలో కనపడనిది మొదటి రోజు. పొరుగున ఉన్న తెల్ల సైనికుడు మొదటి రోజే 6,000 డాలర్ల విలువైన పొలంతో, ట్రాక్టరుతో సేద్యం మొదలుపెడతాడు. అప్పు తీరేసరికి పొలం పట్టా అతని పేరు మీద ఉంటుంది. ఆ పట్టాను చూపించి బ్యాంకులో మరో అప్పు తెచ్చుకోగలడు. రిజర్వులోని సైనికుడు అందులో సగం కూడా లేని సొమ్ముతో మొదలుపెట్టాలి. రిజర్వు భూమిని తాకట్టు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు కనుక ఏ బ్యాంకూ అతనికి అప్పివ్వదు. బయటివారు రిజర్వు భూములను కాజేయకుండా కాపాడటానికి పెట్టిన నిబంధన అది. రక్షణగా పెట్టిన కంచె లోపలివాడు బయటికి రాకుండా అడ్డుపడింది.

అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ 2,320 డాలర్లు సైనికుడి చేతికి వచ్చేవి కావు. ఇండియన్ వ్యవహారాల విభాగం ఖాతాలోకి వెళ్ళేవి. దేని మీద ఖర్చు పెట్టాలో ఏజెంటు సిఫారసు చేస్తే, పై అధికారులు ఒప్పుకుంటే, కలపో గుర్రాలో నాగలో వచ్చేది. యూరప్‌లో ఒక పటాలాన్ని నడిపించి వచ్చిన సార్జెంటు ఇంటి పైకప్పు రేకుల కోసం అర్జీ పెట్టుకుని ఎదురుచూడాలి.

రిజర్వు బయట భూమి కొనుక్కుని పూర్తి అప్పు తీసుకునే హక్కు అతనికీ ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఉంది. కానీ దానికి అతను అర్హుడేనా అన్న మాట మళ్ళీ ఏజెంటే చెప్పాలి. 1944లో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఏర్పడి, వృత్తి శిక్షణ ఎలా పొందాలో, విశ్వవిద్యాలయ చదువుకు దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పడానికి సలహాదారులను నియమించింది. రిజర్వుకు వెళ్ళినవారిలో చాలామంది ఆ సలహాదారుల ముఖం చూడలేదు. వారి కాగితాలన్నీ ఏజెంటు దగ్గరికి చేరేవి. ఆయనకు తెలిసిన మేరకు, చెప్పాలనిపించిన మేరకు వారికి తెలిసేది. తనకు ఏమేమి రావాలో తెలియనివాడు అడగడు, అడగనివాడికి నిరాకరించినట్టు ఏ దస్త్రంలోనూ నమోదు కాదు. ఈ అన్యాయాన్ని యాభై ఏళ్ళ తరువాత లెక్కగట్టడం ఎందుకంత కష్టమైందో ఇక్కడ గ్రహించవచ్చు.

మొదటి యుద్ధం తరువాతి కథ దీనికంటే చేదుగా ఉంటుంది. 1919లో సైనికులకు భూములిచ్చే చట్టం వచ్చినప్పుడు ప్రెయిరీల్లోని రిజర్వుల నుంచి వేల ఎకరాలు తీసుకుని, వాటిని మూలవాసులు కాని మాజీ సైనికులకు ఇచ్చారు.

ప్రశ్న: ఓటు హక్కు కూడా లేని ప్రజలను యుద్ధానికి బలవంతంగా పంపారా?

జవాబు: అత్యధికులు స్వచ్ఛందంగానే వెళ్ళారు. మొదటి యుద్ధంలో చట్టపరమైన ఇండియన్ హోదా ఉన్నవారే 4,000 మందికి పైగా చేరారు. వయసు, ఆరోగ్యం అనుకూలించిన పురుషుల్లో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు వెళ్ళినట్టు. రెండో యుద్ధంలో ఆ సంఖ్య 3,000 దాటింది, అందులో 72 మంది స్త్రీలు. మేటీలను, ఇన్యుయిట్‌ను, హోదా లేని వారిని సైన్యం విడిగా నమోదు చేయలేదు కనుక అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే.

1917లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చినప్పుడు మాత్రం గట్టి వ్యతిరేకత వచ్చింది. చట్టం దృష్టిలో మేము మైనర్లం, మాకు ఓటు లేదు, రాజుగారి యుద్ధాలకు మమ్మల్ని పిలవబోమని మాతో ఒడంబడికలు చేసుకున్న సమయంలో మాట ఇచ్చారు, ఇప్పుడు ఏ హక్కుతో పిలుస్తున్నారు అని చీఫ్‌లు అర్జీలు పంపారు. ప్రభుత్వం దిగివచ్చి 1918 జనవరిలో వారికి మినహాయింపు ఇచ్చింది. రెండో యుద్ధంలో స్వదేశ రక్షణకు జరిగిన నిర్బంధ సేవ వారికీ వర్తించింది. 1944లో బలవంతంగా విదేశాలకు పంపే నిర్ణయం జరిగినప్పుడు 3, 6, 8, 11 సంఖ్యల ఒడంబడికల కిందికి వచ్చేవారిని తప్పించారు. ఆ ఒడంబడికల చర్చల్లో కమిషనర్లు అలా మాట ఇచ్చినట్టు ప్రభుత్వమే ఒప్పుకుంది. అదే చర్చల్లో ఇచ్చిన మిగతా మాటలు ఎందుకు గుర్తుకు రాలేదో ఆలోచించవలసిన విషయమే.

ఓటు సంగతి: మొదటి యుద్ధంలో పనిచేసిన సైనికులకు 1924లో హోదా పోకుండా ఫెడరల్ ఎన్నికల్లో ఓటు ఇచ్చారు. ఫస్ట్ నేషన్స్ ప్రజలందరికీ అది దక్కింది 1960లో.

ప్రశ్న: టామీ ప్రిన్స్ పేరు గొప్ప సైనికుడిగా విన్నాను. ఆయన పార్లమెంటు ముందు సాక్ష్యం ఇచ్చారన్న సంగతి మీ వ్యాసం చూసే వరకు తెలియదు. కొంచెం వివరంగా చెప్పండి.

జవాబు: మానిటోబాలోని బ్రోకెన్‌హెడ్‌కు చెందిన ఒజిబ్వే సైనికుడు టామీ ప్రిన్స్. 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఆంజియో దగ్గర శత్రు స్థావరాలకు దగ్గరగా ఉన్న ఒక పాడుపడిన ఇంట్లో కూర్చుని టెలిఫోను తీగ ద్వారా సమాచారం పంపుతుండగా ఫిరంగి గుళ్ళకు తీగ తెగిపోయింది. ఆయన ఆ ఇంట్లో దొరికిన రైతు బట్టలు తొడుక్కుని, చేత్తో పార పట్టుకుని, జర్మన్ సైనికులు చూస్తుండగానే పొలంలోకి నడిచారు. కలుపు తీస్తున్నట్టు నటిస్తూ తీగ తెగిన చోటికి చేరి, బూటు తాడు కట్టుకోవడానికి వంగినట్టు వంగి, ఆ తీగను ముడివేశారు. ఆ ఏడాది చూపిన సాహసాలకు మిలిటరీ మెడల్, అమెరికా వారి సిల్వర్ స్టార్ వచ్చాయి. 1945లో బకింగ్‌హామ్ రాజభవనంలో జార్జి చక్రవర్తి స్వయంగా పతకం తొడిగారు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది కెనడా పార్లమెంటు ఉభయ సభల సంయుక్త సంఘాన్ని నియమించి ఇండియన్ చట్టాన్ని పునఃపరిశీలించమంది. సమానంగా రక్తం చిందించి వచ్చినవారిని ఇంటి దగ్గర మైనర్లుగా చూడటం ఎబ్బెట్టుగా ఉందని మామూలు ప్రజలకు కూడా అనిపించడం ఆ నియామకానికి ఒక కారణం. 1946 నుంచి 1948 వరకు నడిచిన ఈ సంఘంలో మూలవాసులకు సభ్యత్వం లేదు. సిక్స్ నేషన్స్‌కు చెందిన న్యాయవాది నార్మన్ లికర్స్‌ను సంఘానికి న్యాయ సలహాదారుగా నియమించడంతో సరిపెట్టారు. 1947లో మానిటోబా ఇండియన్ అసోసియేషన్ ప్రతినిధిగా ప్రిన్స్ ఆ సంఘం ముందుకు వెళ్ళి, ఒడంబడికల్లో ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని వాదించారు.

ఫలితంగా 1951లో కొత్త ఇండియన్ చట్టం వచ్చింది. పసిఫిక్ తీరంలోని పాట్లాచ్ ఉత్సవాల మీద ఉన్న నిషేధం, వకీలు ఖర్చుకు చందాలు పోగుచేయరాదన్న నిబంధన పోయాయి. మండలి ఎన్నికల్లో స్త్రీలకు ఓటు వచ్చింది. మంత్రి అధికారాలు మాత్రం చాలావరకు చెక్కుచెదరలేదు. ప్రిన్స్ ఆ చట్టం వచ్చేదాకా ఆగలేదు. 1950లో మళ్ళీ సైన్యంలో చేరి కొరియా వెళ్ళిపోయారు. విన్నవించుకునే చోట కంటే పోరాడే చోటే తనకు విలువ ఉందని ఆయనకు అనిపించి ఉంటుందని మా ఊహ, ఇది ఊహ మాత్రమే.

ప్రశ్న: మాజీ సైనికులు స్వపరిపాలన వైపు నిలిచారని మీరు రాశారు. కానీ సిక్స్ నేషన్స్‌లో సంప్రదాయ మండలిని తొలగించమని కోరినవారిలో మాజీ సైనికులు ఉన్నారు కదా?

జవాబు: ఉన్నారు. దీనిని వ్యాసంలో వదిలేయడం మా లోపమే. గ్రాండ్ నది ఒడ్డున ఉన్న సిక్స్ నేషన్స్‌లో వంశమాతలు ఎంపిక చేసిన చీఫ్‌ల మండలి తరతరాలుగా పాలన సాగించేది. ఆ మండలి తమను కెనడా ప్రజలుగా కాక బ్రిటిష్ రాజ్యానికి మిత్రులైన స్వతంత్ర జాతిగా భావించేది. మొదటి యుద్ధం నుంచి తిరిగి వచ్చిన కొందరు సైనికులు ఈ మండలి పాతబడిందని, ఎన్నికల ద్వారా వచ్చే మండలి కావాలని కోరారు. మరోవైపు డెస్కహే అనే చీఫ్ తమ జాతి హక్కుల గోడు వినిపించడానికి 1923లో జెనీవాలోని నానాజాతి సమితికి వెళ్ళారు. బ్రిటన్ అడ్డుపడటంతో ఆయన విన్నపం చర్చకు రాలేదు. 1924 అక్టోబరులో కెనడా ప్రభుత్వం పోలీసులను పంపి సంప్రదాయ మండలిని తొలగించి, ఎన్నికలు పెట్టింది.

సైనికులు కోరిన మార్పు అనుచితమని మేము అనము. ఏ సమాజంలోనైనా ఇటువంటి తగాదా ఉంటుంది, ఉండాలి కూడా. అది ఆ ఇంటివారు కూర్చుని తేల్చుకోవలసిన తగాదా. ఒట్టావా దానిని సాకుగా తీసుకుని తనకు తలనొప్పిగా మారిన మండలిని వదిలించుకుంది. పైగా ప్రజాస్వామ్యం పేరుతో జరిగిన ఆ ఎన్నికల్లో పురుషులకే ఓటు. అంతవరకు చీఫ్‌లను నిలబెట్టే, దించే అధికారం ఉన్న స్త్రీలకు కొత్త ఏర్పాటులో మాటే లేకుండా పోయింది.

ప్రశ్న: పెన్నర్ నివేదికను మీరు బాగా పొగిడారు. అది అమలు కాలేదు కదా, ఇంత పొగడ్త ఎందుకు?

జవాబు: అమలైనదానికంటే అమలు కానిదే ఎక్కువ, ఒప్పుకుంటాము. ముందుగా నేపథ్యం: 1982 డిసెంబరులో హౌస్ ఆఫ్ కామన్స్ ఇండియన్ స్వపరిపాలనపై ఒక ప్రత్యేక సంఘాన్ని వేసింది. ఒంటారియోకు చెందిన లిబరల్ సభ్యుడు కీత్ పెన్నర్ దానికి అధ్యక్షుడు. సంఘం దేశమంతా తిరిగి వందలాది మంది చెప్పింది విని, 1983 నవంబరులో 58 సిఫారసులతో నివేదికను సభ ముందు ఉంచింది.

మేము పొగిడినది మొదట దాని పద్ధతిని. సిక్స్ నేషన్స్‌కే చెందిన రోబెర్టా జేమీసన్ అనే న్యాయవాది ఈ సంఘంలో సభ్యులతో పాటు కూర్చున్నారు. కెనడాలో న్యాయశాస్త్ర పట్టా పొందిన తొలి మూలవాసీ మహిళ ఆమె. ఎంపీ కాని వ్యక్తికి కామన్స్ సంఘంలో అటువంటి స్థానం ఇవ్వడం అదే మొదటిసారి. ఆమెకు ఓటు లేదు. కానీ సాక్షులను ప్రశ్నించవచ్చు, చర్చల్లో పాల్గొనవచ్చు, నివేదిక రాసేటప్పుడు కూడా తన మాట చెప్పవచ్చు. 1946లో లికర్స్‌కు ఇచ్చిన స్థానంతో దీనిని పోల్చి చూడండి.

రెండోది, అందులోని విషయం. అంతకుముందు ఎవరు ఎన్ని సంస్కరణలు చెప్పినా అవి ఒట్టావా తన అధికారాల్లో కొన్నిటిని మండలికి అప్పగించడం గురించినవే. మునిసిపాలిటీకి ఇచ్చినట్టు ఇచ్చి, కావాలనుకుంటే తిరిగి తీసుకోవచ్చు. పెన్నర్ సంఘం ఆ దారి వద్దంది. ఫస్ట్ నేషన్స్ ప్రభుత్వాలు ఫెడరల్, ప్రావిన్సు ప్రభుత్వాల పక్కన ఒక ప్రత్యేక శ్రేణికి చెందిన ప్రభుత్వాలని, వాటి హక్కును రాజ్యాంగంలో పొందుపరచాలని, అవి మంత్రికి కాక తమ ప్రజలకు జవాబుదారీగా ఉండాలని, వాటి నడుమ కూర్చుని పెత్తనం చేసే శాఖను దశలవారీగా తప్పించాలని చెప్పింది. ఇదంతా అన్ని పార్టీల సభ్యులూ ఏకగ్రీవంగా చెప్పిన మాట.

ప్రభుత్వం ఏం చేసిందంటే, సిఫారసుల సారాన్ని మెచ్చుకుంది, రాజ్యాంగ సవరణ జోలికి పోకుండా ఒక బిల్లు తెచ్చింది. 1984 వేసవిలో ఎన్నికలు రావడంతో ఆ బిల్లు మురిగిపోయింది. ప్రధానమంత్రి, ప్రావిన్సుల ముఖ్యమంత్రులు, మూలవాసీ నాయకులు కలిసి జరిపిన రాజ్యాంగ సమావేశాలు 1987లో ఏ ఒప్పందానికీ రాకుండానే ముగిశాయి. స్వపరిపాలన హక్కును చేర్చిన షార్లట్‌టౌన్ ఒప్పందాన్ని 1992 రెఫరెండంలో దేశ ప్రజలు తిరస్కరించారు. ఇంతవరకు చూస్తే నివేదిక బుట్టదాఖలైనట్టే.

కానీ 1995లో ఫెడరల్ ప్రభుత్వం తన విధానపత్రంలో స్వపరిపాలన అనేది 35వ సెక్షన్ కింద ఇప్పటికే ఉన్న సహజ హక్కు అని ఒప్పుకున్నప్పుడు, 2000 మే నెలలో బ్రిటిష్ కొలంబియాలో నిస్గా జాతి తన ఒడంబడికతో సొంత శాసనాధికారం పొంది ఇండియన్ చట్టం నుంచి దాదాపుగా బయటపడినప్పుడు వినిపించినది పెన్నర్ సంఘం భాషే. పార్లమెంటు సంఘం తానుగా ఏ చట్టమూ చేయలేదు. అంతకుముందు అతిశయంగా వినిపించిన మాటను అధికార భాషలోకి తీసుకురాగలదు. ఆ పని 1983లో జరిగింది.

ప్రశ్న: మాజీ సైనికులకు చివరికి పరిహారం దక్కిందా? దక్కినది న్యాయంగా ఉందా?

జవాబు: కొంత దక్కింది, ఆలస్యంగా దక్కింది. 1995లో సెనేట్‌లోని మూలవాసుల వ్యవహారాల స్థాయీ సంఘం, యుద్ధాల తరువాత మూలవాసీ సైనికులకు ఏం జరిగిందన్న దాని మీద ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది వెలువడిన మూలవాసుల రాయల్ కమిషన్ నివేదికలో కూడా మాజీ సైనికులపై ఒక అధ్యాయం ఉంది. 2001 జూన్ 21న ఒట్టావాలో మూలవాసీ మాజీ సైనికుల స్మారకాన్ని ఆవిష్కరించారు. సరిగ్గా ఏడాది తరువాత, 2002 జూన్‌లో, రిజర్వుకు తిరిగి వెళ్ళిన ఫస్ట్ నేషన్స్ సైనికుల్లో బతికి ఉన్నవారికి, లేదా వారి భార్యలకు తలకు 20,000 డాలర్ల వరకు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఆ ప్రకటనలో ఇది సద్భావంతో ఇస్తున్నదే తప్ప చట్టపరమైన బాధ్యతతో కాదన్న ధోరణి ఉంది. 2002 ఫిబ్రవరికి ముందే మరణించినవారి పిల్లలకు ఏమీ లేదు. రెండో యుద్ధంలో ఇరవై ఏళ్ళ వయసున్నవాడికి అప్పటికి ఎనభై దగ్గర పడుతుంది. ఎందరు మిగిలి ఉంటారో ఊహించండి. 1946లో సరిగా అందని అప్పు వల్ల పోయినది అప్పుడు కొనలేకపోయిన ఒక్క పొలమే కాదు, ఆ పొలం మీద తరువాతి యాభై ఏళ్ళలో రాగలిగిన ఆదాయం, పిల్లల చదువు కూడా. దానికి 20,000 డాలర్లు న్యాయమైన వెల అని మేము అనలేము.

మేటీలకు అదీ రాలేదు. రిజర్వు అనే మాటతో ముడిపడిన పరిహారం రిజర్వులే లేని వారికి ఎలా వర్తిస్తుంది? 2019 ఫిబ్రవరిలో కామన్స్ మాజీ సైనికుల వ్యవహారాల స్థాయీ సంఘం మూలవాసీ మాజీ సైనికులపై మళ్ళీ ఒక నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో రెజైనా నగరంలో సంబంధిత మంత్రి మేటీ సైనికులకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. బతికి ఉన్నవారికి తలకు 20,000 డాలర్లు, మిగిలిన సొమ్ము స్మారక కార్యక్రమాలకు చెందేలా 3 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అప్పటికి రెండో యుద్ధం ముగిసి 74 ఏళ్ళు.

ప్రశ్న: టామీ ప్రిన్స్ పతకాలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి?

జవాబు: విన్నిపెగ్‌లోని మానిటోబా మ్యూజియంలో ఉన్నాయి. చివరి రోజుల్లో పేదరికంలో, అనారోగ్యంతో గడిపిన ప్రిన్స్ 1977 నవంబరులో అదే నగరంలో మరణించారు. అప్పటికే పతకాలు ఆయన దగ్గర లేవు. చేతులు మారుతూ పోయి 2001లో ఒంటారియోలోని లండన్ అనే పట్టణంలో వేలానికి వచ్చాయి. ఆయన బంధువులు చందాలు పోగుచేసి, 75,000 డాలర్లకు పాడుకుని వాటిని ఇంటికి తెచ్చారు.